చౌరస్తాలో, గల్లీలో బండ్ల దూకుడు తగ్గించడం: కొలత నుంచి కట్టుబడి దాకా

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ కాలనీ ముందు ప్రమాదం జరిగితే మరునాడు వినిపించే డిమాండ్ ఒక్కటే: స్పీడ్ బ్రేకర్ వేయాలి. అధికారులు రాకముందే ఎవరో ఒక ట్రాక్టర్ కంకర, నాలుగు బస్తాల సిమెంటు తెచ్చి రోడ్డుకు అడ్డంగా గట్టు కట్టేస్తారు. దాని మీద రంగు ఉండదు, ముందు బోర్డు ఉండదు. పగలు బండ్లు దాని దగ్గర ఆగినట్టే ఆగి, దాటగానే మళ్లీ దూసుకుపోతాయి. రాత్రి తెలియక ఎక్కిన బైకు వెనక సీటు మీది మనిషిని కింద పడేస్తుంది. ఒక ప్రమాదాన్ని ఆపబోయి ఇంకో ప్రమాదాన్ని కట్టినట్టయింది.

డ్రైవరు బోర్డు చూసి వేగం ఎంచుకోడు, రోడ్డు చూసి ఎంచుకుంటాడు. వెడల్పుగా, నేరుగా, మలుపు సాఫీగా ఉంటే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోతుంది. కాబట్టి మొదట మార్చాల్సింది రోడ్డు ఆకారం. బ్రేకర్ ఆఖరి మాట. కింది క్రమం కాలనీ సంఘాలకు, వార్డు సభ్యులకు, మున్సిపల్ ఇంజినీర్లకు పనికొచ్చేలా రాసింది.

గంటకు 30 కిలోమీటర్ల లక్ష్యం ఎక్కడిది

గంటకు 30 కిలోమీటర్ల మీద ఉన్న బండికి 14 మీటర్ల ముందు పిల్లవాడు రోడ్డు మీదికి వచ్చాడనుకోండి. చూసి బ్రేకు తొక్కడానికి డ్రైవరుకు ఒక సెకను పడుతుంది, అందులో 8 మీటర్లు పోతాయి. మిగిలిన 6 మీటర్లలో పొడి రోడ్డు మీద బండి దాదాపు ఆగిపోతుంది. అదే బండి 50 మీద ఉంటే ఆ ఒక్క సెకనులోనే 14 మీటర్లూ అయిపోతాయి. బ్రేకు పడకముందే, పూర్తి వేగంతోనే తగులుతుంది. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో 30 దాటనివ్వొద్దని 2020 స్టాక్‌హోం డిక్లరేషన్ చెప్పిందీ ఇందుకే. కేంద్రం 2018లో నోటిఫై చేసిన గరిష్ఠ వేగాల్లో మున్సిపల్ పరిధిలో కార్లకు 70 దాకా ఉంది. అది పైకప్పు మాత్రమే. దాన్ని ఎక్కడ ఎంతకు దించాలో తేల్చుకునే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్రానికి ఉంది.

మొదటి పని: రోడ్డు ఎవరిదో తెలుసుకోండి

సగం అర్జీలు ఇక్కడే దారి తప్పుతాయి. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ వైపు పోయేది 565వ జాతీయ రహదారి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు పోయేది 167. ఊరి మధ్య నుంచి పోతున్నా ఇలాంటి రోడ్ల మీద మున్సిపాలిటీ సొంతంగా ఏమీ కట్టలేదు. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు ఉండొద్దనేది కేంద్ర రోడ్డు రవాణా శాఖ విధానం కూడా. కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) కింద ఉంటాయి. కాలనీ రోడ్లు, గల్లీలు మున్సిపాలిటీవి. అనుమానం ఉంటే మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలో అడగండి, తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

తర్వాత అర్జీ. సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌లో ఒక ప్రతి, మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి, ట్రాఫిక్ పోలీసులకు ఒకటి ఇవ్వండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. పోలీసు, రవాణా, ఆర్ అండ్ బీ అధికారులు ఒకే గదిలో కూర్చునేది అక్కడే కాబట్టి, మీ విషయం ఆ కమిటీ ఎజెండాలో పెట్టమని రాతపూర్వకంగా కోరండి. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. మీ వార్డులో అవి కాగితం మీదే ఉంటే లేపడానికి ఇదొక మంచి సాకు.

రెండో పని: వేగం కొలవండి

"బండ్లు బాగా స్పీడుగా పోతున్నయ్ సార్" అంటే ఏ ఇంజినీరూ కదలడు. అంకె ఉంటే కదులుతాడు. దీనికి రాడార్ గన్ అక్కర్లేదు, టేపు, సున్నం, ఫోను చాలు.

రోడ్డు అంచున 30 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. డ్రైవర్లకు కనపడకుండా పక్కన కూర్చుని, ఫోనులోని స్టాప్‌వాచ్‌తో ముందు చక్రం మొదటి గీత తాకినప్పటి నుంచి రెండో గీత తాకే దాకా సెకన్లు రాసుకోండి. 108ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లలో వేగం వస్తుంది. 3.6 సెకన్లంటే 30. మూడంటే 36. రెండంటే 54. బొటనవేలి ఆలస్యం వల్ల 50 దాటిన బండ్ల దగ్గర తప్పు ఎక్కువ వస్తుంది. అక్కడ గీతల దూరం 60 మీటర్లకు పెంచి 216ని భాగించండి, లేదా వీడియో తీసి తర్వాత ఆపి ఆపి చూడండి.

కనీసం వంద బండ్లు కొలవాలి. ముందు ఏ బండీ అడ్డం లేకుండా స్వేచ్ఛగా పోతున్న వాటినే లెక్కలోకి తీసుకోండి. ఆటో వెనక ఇరుక్కున్న కారు వేగం రోడ్డు గురించి ఏమీ చెప్పదు. వందనూ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి 85వ అంకె చూడండి, అంటే వందలో 85 బండ్లు దాటని వేగం. ఇంజినీర్లు పట్టించుకునేది దాన్నే. సగటు చెబితే ప్రమాదకరమైన బండ్లు అందులో దాక్కుంటాయి. బడి వదిలే వేళ ఒకసారి, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వేర్వేరుగా కొలవండి. చాలా చోట్ల పగటి రద్దీ వేగాన్ని తానే అణిచేస్తుంది, అసలు సమస్య రాత్రిదే. ధాన్యం సీజన్‌లో కూడా ఒక రోజు కొలిస్తే మంచిది. మిర్యాలగూడ మిల్లుల వైపు లారీలు, ట్రాక్టర్లు కదిలే రోజుల్లో రోడ్డు తీరే మారిపోతుంది.

దీనితోపాటు మనుషులు ఎక్కడ రోడ్డు దాటుతున్నారో ఒక గంట చూసి కాగితం మీద చుక్కలు పెట్టండి. జీబ్రా గీతలు ఉన్నచోట కాదు, మనుషులు నిజంగా దాటేచోట. ఆ చుక్కలు గుంపుగా పడ్డ చోటే మీ పని.

మూడో పని: ఒక గల్లీ కాదు, మొత్తం కాలనీ

ఒక వీధిలో బ్రేకర్లు వేస్తే బండ్లు పక్క వీధిని పట్టుకుంటాయి. అప్పుడు పక్క వీధివాళ్లు అర్జీ పెడతారు, అక్కడా వేస్తారు. అలా తరుముతూ పోతే ఊరంతా గట్లే. దానికి బదులు నాలుగు పెద్ద రోడ్ల మధ్య ఉన్న కాలనీని ఒక ముక్కగా తీసుకుని, పెద్ద రోడ్డు నుంచి లోపలికి వచ్చే ప్రతి మొగను ముందు సరిచేయండి. మొగ దగ్గరే వేగం పడితే లోపల బ్రేకర్ల అవసరం తగ్గుతుంది. 108 వాహనం, ఫైరింజన్, ఆర్టీసీ బస్సు పోయే దారులు ముందుగానే గుర్తించి వాటి మీద ఎత్తైన అడ్డంకులు పెట్టకండి.

నాలుగో పని: సున్నంతో గీసి, డ్రమ్ములతో చూడండి

ఇది చాలామంది దాటేసే మెట్టు, అసలు ఖర్చు ఆదా అయ్యేదీ ఇక్కడే. సిమెంటు పోయకముందు కొత్త అంచులు ఎక్కడ రావాలో సున్నంపొడితో గీసి, ఇసుక నింపిన డ్రమ్ములు, ట్రాఫిక్ కోన్లు పెట్టి మూడు నాలుగు వారాలు నడిపి చూడండి. ప్రతి డ్రమ్ముకూ మెరిసే టేపు రెండు చుట్లు ఉండాలి, మొదటి డ్రమ్ముకు ముందే బాణం బోర్డు ఉండాలి. ఖాళీ డ్రమ్ములు పెట్టొద్దు, గాలివానకు దొర్లి రోడ్డు మధ్యకు వస్తాయి. రాళ్లు అసలే వద్దు.

ఇక్కడ చట్టంలో ఒక సౌలభ్యం ఉంది. 112వ సెక్షన్ కింద వేగ పరిమితి తగ్గించాలంటే గెజిట్‌లో నోటిఫికేషన్ కావాలి గానీ, ఆ పరిమితి నెల రోజులకు మించకపోతే గెజిట్ అక్కర్లేదు. అధికారం ఉన్న అధికారి అనుమతి, బోర్డులు చాలు. కాబట్టి ట్రయల్‌ను నెల లోపలే ముగించేలా అడగండి, అనుమతి తొందరగా వస్తుంది.

ట్రయల్ మొదటి రోజే ఒక ఆర్టీసీ బస్సును, ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌ను ఆ మలుపులో తిప్పించి చూడండి. బస్సు వెడల్పు 2.6 మీటర్లకు మించదు, ఇబ్బంది దాని పొడవుతో. ట్రాలీ వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి అంచును కోసుకుంటూ వస్తాయి. అవి ఎక్కడ తొక్కాయో సున్నం మీద కనపడుతుంది. ఆ మేరకు అంచు జరపండి, లేదా ఆ ముక్కను ఎక్కిదిగే వీలున్న తక్కువ ఎత్తు రాతిపరుపుగా కట్టండి. లారీ దానిపై నుంచి పోగలదు, కారు ఎక్కడానికి ఇష్టపడదు.

ఐదో పని: చౌరస్తా మూలలు, దాటే చోటు

మన చౌరస్తాల్లో అసలు జబ్బు మూలలు మరీ విశాలంగా కోసి ఉండటం. మూల గుండ్రం వ్యాసార్థం పది, పన్నెండు మీటర్లు ఉంటే బైకు, కారు బ్రేకు తొక్కకుండానే తిరుగుతాయి. కాలనీ మొగలో దాన్ని మూడు నుంచి ఐదు మీటర్లకు కుదిస్తే తిరిగే బండి తప్పనిసరిగా నెమ్మదిస్తుంది. ఫుట్‌పాత్‌ను మూల దగ్గర రోడ్డు మీదికి పెంచితే ఇంకో లాభం కూడా ఉంది. 14 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకలో 12 సెకన్లు పడుతుంది. రెండు వైపులా పెంచి 9 మీటర్లకు తెస్తే ఏడెనిమిది సెకన్లు. ముసలివాళ్లకు, బడిపిల్లలకు ఆ తేడా చాలా పెద్దది. పైగా మూల మీద ఆటో, కారు ఆపే చోటే ఉండదు, కాబట్టి దాటేవాళ్లు బండికి, బండి వాళ్లకు కనపడతారు.

రెండు వైపులా పోయే వెడల్పు రోడ్డయితే మధ్యలో ఆగడానికి దిమ్మె కావాలి. వెడల్పు రెండు మీటర్లు ఉంటే తోపుడు కుర్చీ, బిడ్డను ఎత్తుకున్న తల్లి నిలబడగలరు. ఒక మీటరు డివైడర్ మీద నిలబడ్డ మనిషి కాలి వేళ్లు రోడ్డు మీదే ఉంటాయి. దాటే దారి దిమ్మెను ఎక్కిదిగేలా కాకుండా దాని మధ్యలోంచి రోడ్డు మట్టంలో పోవాలి.

జీబ్రా పట్టీ 50 సెంటీమీటర్లు, ఖాళీ 50 సెంటీమీటర్లు. ఆగే గీతను రెండు మూడు మీటర్లు ముందే గీయండి. ఫుట్‌పాత్ నడిచే వెడల్పు నివాస వీధుల్లో కనీసం 1.8 మీటర్లు, బజారులో 2.5 మీటర్లు ఉండాలని, ఎత్తు 15 సెంటీమీటర్లు మించొద్దని ఐఆర్‌సీ:103 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల పుస్తకం) చెబుతుంది. మన దగ్గర ఒక అడుగున్నర ఎత్తు కట్టి, పైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, ఎవరూ నడవట్లేదని ఆశ్చర్యపోతారు.

లేన్ల వెడల్పు గురించి ఒక్క మాట. ఊళ్లో మూడు మీటర్ల లేన్ బస్సుకు సరిపోతుంది. అంతకంటే ఎక్కువ ఉన్నదాన్ని తెల్ల గీతతో కోసి పార్కింగ్‌కో సైకిళ్లకో ఇవ్వండి. ఇంత చౌకగా వేగం తగ్గించే పని ఇంకోటి లేదు.

ఆరో పని: బ్రేకర్ తప్పదనుకుంటే కొలతతో కట్టండి

ఐఆర్‌సీ:99 చెప్పే గుండ్రటి బ్రేకర్ కొలతలు: ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో వెడల్పు 3.7 మీటర్లు, వంపు వ్యాసార్థం 17 మీటర్లు. దీన్ని గంటకు 25 కిలోమీటర్లతో హాయిగా దాటొచ్చు. నలభై దాటితే నడుం చెబుతుంది. మన వీధుల్లో కనపడే అడుగున్నర వెడల్పు గట్లు దీనికి పూర్తి విరుద్ధం. వాటి మీద నెమ్మదిగా పోయినా దెబ్బ తగులుతుంది, కారు అడుగు రాసుకుంటుంది, కొందరు బైకువాళ్లయితే వేగంగా పోతేనే దెబ్బ తక్కువని కనిపెట్టేశారు.

ముందు అచ్చు చేయించండి. 3.7 మీటర్ల పొడవు ప్లైవుడ్ పలక మీద మధ్యలో 100 మిల్లీమీటర్లు, మధ్య నుంచి అర మీటరు దూరంలో 93, ఒక మీటరు దూరంలో 71, మీటరున్నర దగ్గర 34, చివర 1.85 మీటర్ల దగ్గర సున్నా. ఈ చుక్కలను కలుపుతూ కోస్తే సరైన వంపు వస్తుంది. మిగిలిన పై ముక్కను బోర్లించి తనిఖీకి వాడండి. ఎక్కడా అర సెంటీమీటరు కంటే ఎక్కువ సందు కనపడకూడదు.

7 మీటర్ల రోడ్డుకు అడ్డంగా ఒక బ్రేకర్‌కు దాదాపు 1.75 ఘనమీటర్ల మిక్స్ కావాలి, అంటే నాలుగు టన్నుల తారు మిక్స్. బిల్లులో పది టన్నులు కనపడితే అడగండి. పని రోడ్డును సగం సగం మూసి చేయాలి:

పాత రోడ్డు ఉపరితలంలో, బ్రేకర్ రెండు అంచులు వచ్చే చోట, రోడ్డు అడ్డం పొడవునా 5 సెంటీమీటర్ల లోతు గాడి కోయండి. ఇది లేకపోతే పలచటి అంచు నెల తిరక్కుండా పొరలు పొరలుగా లేస్తుంది, బ్రేకర్లు చెడిపోయే కారణాల్లో మొదటిది ఇదే. దుమ్ము ఊది, తారు పూత కొట్టి, వేడి మిక్స్‌ను రెండు పొరలుగా పరిచి ప్రతి పొరనూ రోలర్‌తో అణచండి. ఒకే పొరలో వేసి చేతి దిమ్మెసతో కొడితే బస్సు చక్రాలు పోయే రెండు దారుల్లో అది దిగబడి, మధ్యలో మిట్ట మిగులుతుంది. సీసీ రోడ్డు మీద అయితే పైభాగాన్ని ఉలితో గరుకు చేసి, గాడి కోసి కాంక్రీటు పోయాలి, కనీసం 14 రోజులు తడుపుతూ బండ్లు ఎక్కనివ్వకూడదు. అన్ని రోజులు సగం రోడ్డు మూయడం కుదరదనుకుంటే తారే మేలు.

రెండు పక్కలా వాన నీరు పోయేందుకు సందు ఉంచాలి గానీ, వెడల్పు సందు వదిలితే బైకులన్నీ అందులోంచే నడుస్తాయి, ఫుట్‌పాత్ పక్కన మనుషుల మీదికి. 15 సెంటీమీటర్లు చాలు, లేదా అడుగున పైపు వేసి పూర్తిగా మూయండి. మురుగు కాలువ మూతలు, పైపు వాల్వులు కింద ఉన్నచోట బ్రేకర్ పెట్టొద్దు, నల్లా లీకయిన రోజున తవ్వేస్తారు.

రంగు కోసం మామూలు పెయింట్ కాదు, 2.5 మిల్లీమీటర్ల మందంలో థర్మోప్లాస్టిక్ (కరిగించి వేసే ప్లాస్టిక్ రంగు) వేసి, అది గట్టిపడకముందే చదరపు మీటరుకు 250 గ్రాముల గాజు పూసలు చల్లాలి. రాత్రి హెడ్‌లైట్‌కు మెరిసేవి ఆ పూసలే. బోర్డు బ్రేకర్‌కు 40 మీటర్ల ముందు ఉండాలి. పైన వీధిదీపం వెలగని చోట బ్రేకర్ కట్టకండి. వరుసగా వేస్తే 100 నుంచి 120 మీటర్లకొకటి, అంతకు దూరమైతే మధ్యలో వేగం మళ్లీ పుంజుకుంటుంది. చిన్న రోడ్డు పెద్ద రోడ్డును కలిసే చోట, పెద్ద రోడ్డు అంచు నుంచి 5 మీటర్లు లోపలికి వేయండి. మలుపులో, వంతెన మీద, ఏటవాలు మీద వేయొద్దు.

బడి ముందు, ఆస్పత్రి ముందు అయితే బ్రేకర్ కంటే ఎత్తు జీబ్రా మంచిది. పైభాగం 3 నుంచి 4 మీటర్లు చదునుగా, ఫుట్‌పాత్ మట్టానికి, రెండు వైపులా వాలు. కాలనీ వీధిలో వాలు పదికి ఒకటి, బస్సులు తిరిగే చోట పదిహేను, ఇరవైకి ఒకటి. నడిచేవాళ్లు దిగకుండా దాటుతారు, బండి ఎక్కాల్సి వస్తుంది.

బోల్టులతో బిగించే రబ్బరు, ప్లాస్టిక్ బ్రేకర్లను వద్దనే చెబుతాం. మన ఎండకు, లారీల బరువుకు ముక్కలు ఊడి, రోడ్డులో బోల్టులు మేకుల్లా మిగులుతాయి.

ఏడో పని: హైవే నుంచి ఊళ్లోకి వచ్చే మొగ

జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి నుంచి దిగినా, సూర్యాపేట దగ్గర 65వ దాని నుంచి దిగినా, డ్రైవరు కళ్లు ఇంకా హైవే వేగంలోనే ఉంటాయి. అరవై తనకు నెమ్మదిగానే అనిపిస్తుంది. అతన్ని ఒక్క గట్టుతో ఆపబోతే వెనకనుంచి గుద్దుకుంటారు. వేగాన్ని మెట్లు మెట్లుగా దించాలి: మొదట ఊరి పేరు, పరిమితి రెండూ ఉన్న పెద్ద బోర్డు, తర్వాత టైరుకు తగిలేలా మందంగా వేసే అడ్డ గీతల గుంపులు, తర్వాత మధ్యలో దిమ్మె పెట్టి లేన్లను కుదించడం, అక్కడి నుంచి వీధి దీపాలు, చెట్లు. చెట్లు రెండు వైపులా దగ్గరగా ఉన్న రోడ్డు ఇరుకుగా అనిపిస్తుంది, అదే మనకు కావాల్సింది. అడ్డ గీతలు ఇళ్లకు ఆనుకుని వేయకండి, రాత్రంతా టైర్ల మోత వల్ల నెలలోపే వాటిని తవ్వించేస్తారు.

ఎనిమిదో పని: బజారు

నల్లగొండ ప్రకాశం బజారు లాంటి చోట్ల వేగం సమస్య తక్కువ, గజిబిజి ఎక్కువ. అక్కడ బ్రేకర్లు వృథా. షేర్ ఆటోలకు చౌరస్తా దాటాక 20 మీటర్ల అవతల నిలిపే చోటు గీయండి. చౌరస్తాకు ముందు గీస్తే వరుస వెనక్కి పెరిగి మొత్తం ఆగుతుంది. తోపుడు బండ్లను తరిమేస్తే రెండు రోజుల్లో తిరిగి వస్తాయి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉంటుంది, దాని ద్వారా చోటు తేల్చండి. సరుకు దింపే లారీలకు ఉదయం సమయం కేటాయించకుండా ఏ ఏర్పాటూ వారం నిలవదు.

తొమ్మిదో పని: మళ్లీ కొలవండి

పని అయ్యాక మొదటి వారం కొలిచిన అంకెను నమ్మకండి, కొత్తదాన్ని చూసి అందరూ తగ్గుతారు. ఆరు వారాలకు అదే చోట, అదే వేళ వంద బండ్లు కొలిచి 85వ అంకె చూడండి. పక్క వీధుల్లో కూడా కొలవండి. 30 దరిదాపుల్లోకి వస్తే పని పట్టినట్టు. నలభై దగ్గరే ఉంటే బ్రేకర్ ఎత్తు పెంచకండి. వాటి మధ్య దూరం, రోడ్డు వెడల్పు, మూలలు మళ్లీ చూడండి.

కట్టిన పని ప్రమాణాలకు తగ్గట్టు లేక మనిషి చనిపోతే, వైకల్యం పాలైతే, మోటారు వాహనాల చట్టంలో 2019లో వచ్చిన 198ఎ సెక్షన్ కింద ఆ రోడ్డు బాధ్యులకు లక్ష దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి కొలతలు, ఫొటోలు, అర్జీల ప్రతులు ఫైలులో ఉంచండి. ఏటా మే నెలలో, వానలకు ముందు, రంగులు మళ్లీ వేయించండి, గాజు పూసలు రాలిన గీతలు రాత్రి వానలో కనపడవు. దీపాలు పగలు కాదు, రాత్రి వెళ్లి చూడండి. ఊళ్లో అనుమతి లేకుండా కట్టిన పాత గట్ల జాబితా తయారు చేసి, కొత్తవి కట్టిన వారంలోనే వాటిని తీసేయించండి.